ఓడ దిగింది, తలుపు తెరుచుకుంది. ముందు వెళ్లాల్సింది సైంటిస్టా, సైనికుడా?

పాతరీలు

ఈ వారం వరసగా రెండు రాత్రులు రెండు పాత సినిమాలు చూశాను. రెండూ 1951లో వచ్చినవే, రెండూ నలుపు తెలుపే, రెండింట్లోనూ గ్రహాంతర వాహనం భూమ్మీదకి వస్తుంది. పోలిక అక్కడితో సరి.

మొదటిది రాబర్ట్ వైజ్ తీసిన 'ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్'. వాషింగ్టన్ నడిబొడ్డున ఒక మైదానంలో పళ్లెంలాంటి ఓడ దిగుతుంది. చుట్టూ టాంకులు, తుపాకులు, వాటి వెనక జనం. క్లాటూ అనే అతను బయటికొచ్చి శాంతి కోరి వచ్చానని చెప్పి, దుస్తుల్లోంచి ఏదో తీస్తాడు. అది టక్కున విచ్చుకుంటుంది. ఓ సైనికుడు కంగారుపడి కాల్చేస్తాడు. ఆ వస్తువు ముక్కలైపోతుంది. అది మీ ప్రెసిడెంటుకి తెచ్చిన కానుక, దాంతో వేరే గ్రహాల మీది జీవాన్ని చూసి ఉండేవాడు అంటాడు కిందపడ్డ అతిథి.

రెండోది 'ది థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్'. దర్శకుడు క్రిస్టియన్ నైబీ, నిర్మాత హోవర్డ్ హాక్స్. ఉత్తర ధ్రువం దగ్గర మంచులో ఏదో పెద్దది కూరుకుపోయి ఉంటుంది. దాని ఆకారం తెలుసుకోవడానికి వైమానిక దళంవాళ్లు, సైంటిస్టులు దాని అంచు వెంబడి చేతులు చాపుకుని నిలబడతారు. అటూ ఇటూ చూసుకుంటే తాము గుండ్రంగా నిలబడ్డామని అర్థమవుతుంది. ఒళ్లు జలదరించే షాట్ అది. ఓడ పేలిపోతుంది గానీ, పక్కన గడ్డకట్టిన జీవి ఒకటి దొరుకుతుంది. అది రక్తం మీద బతికే జీవి. డాక్టర్ కారింగ్టన్ అనే పెద్ద సైంటిస్టు, అది మనకన్నా తెలివైంది కాబట్టి దానితో మాట్లాడాలంటాడు. ఎదురెళ్లి బతిమాలతాడు. ఒక్క దెబ్బకి ఎగిరి పడతాడు. సైనికులు కరెంటు పెట్టి ఆ జీవిని కాల్చేస్తారు. చివర్లో విలేఖరి రేడియోలో, ఆకాశం మీద ఓ కన్నేసి ఉంచండని లోకాన్ని హెచ్చరిస్తాడు.

ఒకే ఏడాది, ఒకే దేశం, ఒకే భయం. కొరియా యుద్ధం నడుస్తోంది, రష్యా అణుబాంబు పేల్చి రెండేళ్లయింది. ఒకదాంట్లో తొందరపడి కాల్చిన సైనికుడిది తప్పు, ఇంకోదాంట్లో తొందరపడి నమ్మిన సైంటిస్టుది తప్పు.

నా లెక్క ఇది. తలుపు తెరుచుకున్నాక ముందు ఎవరు వెళ్తారు, చివరికి ఎవరి మాట నిజమవుతుంది అన్నది చూస్తే చాలు, ఆ సినిమా లిబరలా కన్జర్వేటివా తేలిపోతుంది. అమెరికావాళ్లు వాడే అర్థంలోనే, అంటే ఉదారవాదా సంప్రదాయవాదా అని, అంటున్నాను ఈ రెండు మాటలూ. ఏమంటారు?

రెండోఆట

మీ లెక్కకి ఇంకో జత నేనిస్తాను. 1982 జూన్ 11న స్పీల్‌బర్గ్ 'ఈ.టీ.' విడుదలైంది. సరిగ్గా రెండు వారాలకి, జూన్ 25న జాన్ కార్పెంటర్ 'ది థింగ్' వచ్చింది. మీరు చెప్పిన పాత సినిమాకీ దీనికీ మూలం ఒకటే, జాన్ డబ్ల్యూ. కాంప్‌బెల్ 1938లో రాసిన కథ. ఒకదాంట్లో పెరట్లోకి వచ్చినవాడికి పిల్లాడు చాక్లెట్లు పెట్టి ఇంట్లోకి పిలుస్తాడు. ఇంకోదాంట్లో వచ్చింది మన పక్కవాడి వేషంలోనే కూర్చుంటుంది, ఎవడు మనిషో ఎవడు కాదో రక్తం తీసి, వేడి తీగ పెట్టి చూడాలి.

జనం దేనికి వెళ్లారో తెలిసిందేగా. 'ఈ.టీ.' అప్పటిదాకా ఉన్న వసూళ్ల రికార్డులన్నీ దాటేసింది, 1993లో 'జురాసిక్ పార్క్' వచ్చేదాకా దాన్ని కొట్టినవాడు లేడు. 'ది థింగ్' అప్పట్లో పడుకుంది, మంచిపేరు తర్వాతెప్పుడో వచ్చింది. వింతేమిటంటే అప్పుడు అమెరికాలో రీగన్ హయాం. దేశం కన్జర్వేటివ్ వైపు ఒరిగిన రోజుల్లోనే జనం అతిథిని ముద్దాడారు, రాక్షసుణ్ణి గెంటేశారు. కాబట్టి సినిమా చూసి దేశం మనసు చెప్పేయొచ్చనుకుంటే కష్టమే.

శంకలరావు

పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అన్నట్టుంది గురూ. భయపెట్టే సినిమాలో రాక్షసుడు మంచివాడైతే టికెట్టు డబ్బులు వాపసు అడుగుతారు. మనిషిని తినే జీవి ఉన్నంత మాత్రాన సినిమా కన్జర్వేటివ్ అయిపోతుందా? పులి సినిమాలో పులి పంజా విసురుతుంది. అది పులి పని, పార్టీ పని కాదు.

ఇంకోటి. మీరు లిబరల్ ఖాతాలో వేసిన క్లాటూ సినిమా చివరి పది నిమిషాలు మళ్లీ చూడండి. వెళ్తూ వెళ్తూ ఏం చెప్తాడు? మా గ్రహాలన్నీ కలిసి గోర్ట్ లాంటి రోబోలని పోలీసులుగా పెట్టుకున్నాం, దౌర్జన్యం విషయంలో వాటికి పూర్తి అధికారం ఇచ్చేశాం, దాన్ని వెనక్కి తీసుకోలేం, మీరు మీ గొడవల్ని అంతరిక్షంలోకి తెస్తే మీ భూమిని బూడిద చేస్తాం, ఇక మీ ఇష్టం. ఇది శాంతి సందేశమా, పోలీసు నోటీసా? అప్పీలు లేని పోలీసు అంటే ఏ లిబరల్ ఒప్పుకుంటాడు చెప్పండి.

పాతరీలు

గోర్ట్ దగ్గర దొరికిపోయాను, ఒప్పుకుంటున్నాను. అయితే అది అప్పటి లిబరల్ కల అన్న సంగతి మర్చిపోకండి. ఐక్యరాజ్యసమితి పుట్టి ఆరేళ్లు. దేశాలకి పైన ఒక అధికారం ఉంటే యుద్ధాలు ఆగుతాయని నమ్మినవాళ్లు బోలెడు. ఆ అధికారానికి కోరలుంటే ఎలా ఉంటుందో చూపించాడు వైజ్. కల నిజమైతే కాస్త భయంగానే ఉంటుంది.

పీటర్ బిస్కిండ్ అనే విమర్శకుడు 1983లో యాభైల నాటి హాలీవుడ్ మీద ఒక పుస్తకం రాశాడు. లెఫ్టూ రైటూ అని రెండు గాటన కట్టెయ్యకుండా, మధ్యలో ఉండి సైంటిస్టునీ సైనికుడినీ కలిపి నడిపించే సినిమాలు కూడా ఉన్నాయంటాడు. అది నా లెక్కలో లేదు.

పులి మాటకొస్తే, పులికి పార్టీ లేదు సరే. పులితో మాట్లాడదామన్నవాణ్ణి సినిమా వెర్రివాడిగా చూపించిందా లేదా అన్నదే నా పాయింటు. కారింగ్టన్‌కి పెట్టిన పిల్లిగడ్డం, బొచ్చుటోపీ చూస్తే అప్పటి ప్రేక్షకుడికి ఏ దేశం గుర్తొస్తుందో చెప్పక్కర్లేదు.

అరుంధతి_నక్షత్రం

నేను కాస్త వెనక్కి వెళ్తాను, 1898కి. హెచ్.జి. వెల్స్ 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్'. ఒకే కథని మూడు కాలాలు మూడు రకాలుగా చెప్పుకున్నాయి, మీ చర్చకి ఇంతకన్నా మంచి సరుకు దొరకదు.

వెల్స్ సోషలిస్టు. మొదటి అధ్యాయంలోనే మార్షియన్లని, అంటే దండెత్తి వచ్చిన అంగారకవాసుల్ని, తిట్టేముందు మనం చేసింది గుర్తు చేసుకోమంటాడు. టాస్మానియా ద్వీపవాసుల్ని యూరప్ వలసదారులు తుడిచిపెట్టేయలేదా అని అడుగుతాడు. అంటే ఇంగ్లీషువాళ్లు ఊళ్ల మీద పడ్డట్టే ఇంగ్లండు మీద ఎవరో పడితే ఎలా ఉంటుందన్నది ఆ కథ. అందులో ఒక మతగురువు ఉంటాడు, పిరికివాడు, ఏడుస్తూ తన చావుతో పాటు కథకుడి చావు కూడా మీదికి తెచ్చేలా ఉంటాడు.

1953లో జార్జ్ పాల్ దాన్ని దక్షిణ కాలిఫోర్నియాకి మార్చి సినిమాగా నిర్మించాడు. టాస్మానియా ఎగిరిపోయింది. పిరికి మతగురువు ధీరుడయ్యాడు. ఆ సీను చూడండి: అందరూ కందకంలో నక్కి ఉంటే, ముసలి పాస్టరు ఒక్కడే బైబిలు పైకెత్తి, కీర్తన చదువుకుంటూ యంత్రాల వైపు నడుస్తాడు. మాట్లాడి చూద్దాం ముందు అన్నది ఆయన ఉద్దేశం. ఒక్క వేడి కిరణం, మనిషి లేడు. ఆ మరుక్షణం కల్నల్ కాల్చమని అరుస్తాడు. ఆ కాల్పులూ పనిచేయవు, తర్వాత అణుబాంబు వేస్తారు, అదీ పనిచేయదు. చివరికి జనం చర్చిలో ప్రార్థన చేస్తుంటే యంత్రాలు కూలతాయి.

వెల్స్ రాసినదాన్ని దేవుడి సినిమా చేసేశారు!

2005లో స్పీల్‌బర్గ్ చేతిలో అదే కథ సెప్టెంబర్ 11 అయింది. హీరో ఒంటినిండా బూడిద, గోడల మీద తప్పిపోయినవాళ్ల ఫొటోలు, కూతురు అడిగే ప్రశ్న ఇది టెర్రరిస్టుల పనా అని. అదే సినిమాలో నేలమాళిగలో దాక్కున్నవాడు, ఆక్రమణలు ఎప్పుడూ ఓడిపోతాయి అంటాడు. అప్పుడు ఇరాక్‌లో ఆక్రమించి కూర్చున్నది ఎవరో తెలుసుగా. బాధితుడూ అమెరికాయే, మార్షియనూ అమెరికాయే.

శంకలరావు

అరుంధతి గారూ, ఒక చిన్న సవరణ. మనిషి ఎత్తులన్నీ విఫలమయ్యాక, దేవుడు తన జ్ఞానంతో భూమ్మీద పెట్టిన అతి అల్ప జీవులు మార్షియన్లని చంపాయన్న మాట వెల్స్ నవల్లోనే ఉంది. సినిమావాళ్లు దాన్ని కల్పించలేదు, దాని చుట్టూ చర్చి కట్టారంతే.

అరుంధతి_నక్షత్రం

అయ్యో, నిజమే. మళ్లీ తీసి చూశాను, ఉంది. అయితే నవల్లో అది వెటకారమా భక్తా అన్నది చదివేవాడికి వదిలేశాడు. సినిమాలో వదల్లేదు.

సైలెంట్‌రీడర్

మొదటిసారి రాస్తున్నాను. దీనికి సైన్సులోనే జవాబు ఉంది కదండీ? కన్జర్వేటివ్ భావాలున్నవాళ్లకి భయపెట్టే బొమ్మలు చూపిస్తే ఒళ్లు ఎక్కువ స్పందిస్తుందని, చెమట పట్టడం, ఉలిక్కిపడటం కొలిచి చెప్పిన పరిశోధన 2008లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. అందుకే వాళ్లకి ఏలియన్ అంటే ముప్పు, లిబరల్స్‌కి స్నేహితుడు.

శంకలరావు

స్వాగతం. ఆ పరిశోధనలో పాల్గొన్నది 46 మంది. 2020లో ఇంకో బృందం ఇంకా ఎక్కువమందితో అదే పరీక్ష మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. 'నేచర్ హ్యూమన్ బిహేవియర్'లో వేశారు. చెమట చూసి ఓటు చెప్పే రోజులు ఇంకా రాలేదు.

గడపలోపల

సైలెంట్‌రీడర్ గారిని ఒక్కమాటతో కొట్టేశారు గానీ, ఈ చర్చ మొత్తం ఆయన ధోరణిలోనే నడుస్తోంది. నేను కన్జర్వేటివ్ భావాలున్నవాణ్ణే. లిబరల్ అంటే మనసు తెరిచినవాడు, కన్జర్వేటివ్ అంటే భయపడ్డవాడు అని మీరంతా అనుకుని మొదలుపెడితే జవాబు ముందే వచ్చేసినట్టు.

భయం వేరు, జాగ్రత్త వేరు. రాత్రి పన్నెండింటికి తలుపు కొడితే కిటికీలోంచి చూసి తీస్తాం. బయటున్నవాడి మీద ద్వేషంతో కాదు, లోపల పిల్లలు పడుకుని ఉన్నారని. మంచి కన్జర్వేటివ్ ఏలియన్ సినిమా అంటే లోపల పడుకున్నవాళ్ల గురించే. 2002లో వచ్చిన 'సైన్స్' చూడండి (శాస్త్రం కాదు, సంకేతాలు). అందులో ప్రపంచం మీదికి దండెత్తి వచ్చారు గానీ మనం చూసేది ఒక పొలం ఇల్లు. భార్య పోయాక దేవుడి మీద అలిగి చర్చి వదిలేసిన తండ్రి, తమ్ముడు, ఇద్దరు పిల్లలు. కిటికీలకి చెక్కలు కొట్టుకుని, ఎవరికిష్టమైంది వాళ్లు వండించుకుని, ఏడుస్తూ తింటారు. సైన్యం రాదు, సైంటిస్టు రాడు. పిల్ల తాగకుండా ఇంటినిండా వదిలేసిన నీళ్ల గ్లాసులు, గోడకి తగిలించిన బేస్‌బాల్ బ్యాటు, ఇవే కాపాడతాయి. 2018లో వచ్చిన 'ఎ క్వయెట్ ప్లేస్' కూడా అంతే. చప్పుడైతే చావే. అయినా ఆ ఇంట్లో బిడ్డని కంటారు, తినేముందు చేతులు పట్టుకుని ప్రార్థన చేస్తారు. వాటిలో ఏలియన్ మీద ద్వేషం ఎక్కడుంది? అసలు ఏలియన్ గురించి ఆలోచనే తక్కువ.

అన్నట్టు మీ లిబరల్ దేవుళ్లలో ఒకరైన స్టీఫెన్ హాకింగ్ 2010లో ఏమన్నారు? గ్రహాంతరవాసులు మనల్ని కలవడానికి వస్తే, కొలంబస్ అమెరికా చేరినప్పుడు అక్కడి మూలవాసులకి జరిగినట్టే జరగొచ్చని. కిటికీలోంచి చూసి తలుపు తీయమనేగా దాని అర్థం?

అరుంధతి_నక్షత్రం

హాకింగ్ మాటకీ వెల్స్ మాటకీ తేడా లేదు చూశారా? మనం ఎలా ప్రవర్తించామో తెలుసు కాబట్టి వాళ్లూ అలాగే చేస్తారని భయం. నాకైతే అది అపరాధ భావం. మీకు అది జాగ్రత్త. ఒకే మాట ఇద్దరం వాడుకుంటున్నాం.

'ఎ క్వయెట్ ప్లేస్' గురించి మీరన్నది నచ్చింది. నేను దాన్ని చెవుడున్న అమ్మాయి కథగానే చూశాను, ఆ కుటుంబానికి సైగభాష ముందే రావడం వల్ల బతికారు కదా. ప్రార్థన సీను నాకు గుర్తే లేదు. అంటే నాకు కావాల్సింది నేను చూశానన్నమాట.

మూడోకన్ను

కావాల్సింది చూడటం అన్నారు కాబట్టి, డాన్ సీగెల్ 1956లో తీసిన 'ఇన్‌వేజన్ ఆఫ్ ది బాడీ స్నాచర్స్' సంగతి రావాల్సిందే. కాలిఫోర్నియాలో ఓ చిన్న ఊరు. పెద్ద పెద్ద కాయల్లోంచి మనలాంటి మనుషులు పుడతారు, మనం నిద్రపోతే మన చోటు తీసుకుంటారు. అదే మొహం, అదే జ్ఞాపకం, ప్రేమా కోపం ఉండవు. ఒక చిన్నపిల్లాడు ఆవిడ మా అమ్మ కాదు అని ఏడుస్తాడు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు, ఎవరూ నమ్మరు.

కమ్యూనిస్టులు ఇలాగే ఊరిని లోపలినుంచి మింగేస్తారని హెచ్చరిక, అన్నారు కన్జర్వేటివ్‌లు. కాదు, కమ్యూనిస్టుల వేట సాగించిన సెనేటర్ మెకార్తీ రోజుల్లో అందరూ నోరుమూసుకుని ఒకేలా తలాడించడం గురించి, అన్నారు లిబరల్స్. మూలనవల రాసిన జాక్ ఫిన్నీ మాత్రం రాజకీయమేమీ లేదు బాబూ అన్నాడు. దీంట్లో హీరో వేసిన నటుడి పేరు కూడా మెకార్తీయే, కెవిన్ మెకార్తీ. ఆ పేరుతో ఎవరైనా కథ రాస్తే అతిగా ఉందని కొట్టేస్తాం.

ఇందులో నాకు ఇష్టమైన చోటు: హైవే మీద కార్ల మధ్య అతను గొంతు చించుకుంటాడు, ఒక్కడూ ఆగడు. దర్శకుడు అక్కడే ఆపాలనుకున్నాడు. స్టూడియోకి మరీ నిరాశగా తోచి, ముందూ వెనకా ఆసుపత్రి సీన్లు అతికించింది, అధికారులు నమ్మి ఎఫ్‌బీఐకి ఫోన్ చేసేలా. ఆ అతుకుతో సినిమా అర్థమే తిరగబడింది. అతుకు లేకపోతే ఎవర్నీ నమ్మొద్దని, అతుకు ఉంటే ప్రభుత్వాన్ని నమ్మమని! 1978లో ఇదే కథ మళ్లీ తీసినప్పుడు అదే కెవిన్ మెకార్తీ ఒక్క నిమిషం కనిపిస్తాడు, ఇంకా అలాగే అరుస్తూ పరిగెడుతూ.

తీసినవాడి ఉద్దేశం తెలిసినా జనం ఆగరు. కార్పెంటర్ 1988లో తీసిన 'దే లివ్'లో హీరో నల్ల కళ్లజోడు పెట్టుకుంటే హోర్డింగుల మీద అసలు ఆజ్ఞలు కనిపిస్తాయి, లోబడు, కొను, పెళ్లాడు అని. డబ్బునోటు మీద ఇదే నీ దేవుడు అని ఉంటుంది. రీగన్ నాటి డబ్బుపిచ్చి మీద తీశానని ఆయన చెప్తూనే ఉన్నాడు. అయినా నియో నాజీలు దాన్ని యూదులే లోకాన్ని ఆడిస్తున్నారనే కుట్రకథగా ప్రచారం చేస్తే, 2017లో ఆయనే ట్విట్టర్‌లో కల్పించుకుని అది పచ్చి అబద్ధమని చెప్పాల్సి వచ్చింది.

రెండోఆట

ఇద్దరూ ఎగబడి నాదంటే నాదనుకున్న సినిమా 'ఇండిపెండెన్స్ డే' (1996). ఎన్నికల ఏడాది. అంతకు ముందేడు హాలీవుడ్‌ని దుమ్మెత్తిపోసిన రిపబ్లికన్ అభ్యర్థి బాబ్ డోల్ దీన్ని చూసి మెచ్చుకున్నాడు. క్లింటన్ వైట్‌హౌస్‌లో వేయించుకుని చూశాడు, తన ఇల్లు పేలిపోతుంటే.

లాస్ ఏంజెలిస్‌లో ఎత్తయిన భవనం పైన స్వాగతం అని అట్టలు పట్టుకుని గంతులేస్తున్న జనం మీదే మొదటి దెబ్బ పడుతుంది. థియేటర్లో నవ్వుతారు అక్కడ. లిబరల్స్ మీద జోకని ఎవరికైనా అర్థమవుతుంది. సరే, కానీ తొందరపడి అణుబాంబు వేయించినవాడూ ఓడిపోతాడు, నిజం దాచిన రక్షణమంత్రి ఉద్యోగం పోతుంది, గెలిపించేది ఒక యూదు సైంటిస్టు, ఒక నల్లజాతి పైలట్, ఊరంతా తాగుబోతని నవ్విన పాత వియత్నాం సైనికుడు. దేశభక్తితో ఊగిపోయే ఈ సినిమా తీసిన రోలాండ్ ఎమెరిక్ జర్మనీవాడు.

అదే ఏడాది డిసెంబరులో 'మార్స్ అటాక్స్!' వచ్చింది. ఇంత ముందుకెళ్లిన నాగరికత శాంతంగానే ఉండి తీరాలని ప్రొఫెసర్ లెక్కలేసి చెప్తాడు. స్వాగత సభలో ఎవరో తెల్ల పావురాన్ని ఎగరేస్తారు, మార్షియన్ దాన్ని కాల్చేస్తాడు, తర్వాత అందర్నీ.

పాతరీలు

గడపలోపల గారి పోస్టు చదివాక నా రెండో సినిమా మళ్లీ పెట్టాను. నేను చూడనిది ఒకటి కనిపించింది.

సైనికుల కెప్టెన్ హెండ్రీ తనంతట తానేమీ చెయ్యడు మొదట్లో. యాంకరేజ్‌లో ఉన్న జనరల్ దగ్గర్నుంచి ఆజ్ఞ రావాలని ఎదురుచూస్తూనే ఉంటాడు. తుఫానులో రేడియో సరిగా పనిచేయదు. తీరా వచ్చిన ఆజ్ఞ ఏమిటి? ఆ జీవికి హాని చెయ్యొద్దు అని. అంటే పైనున్న జనరల్ కూడా కారింగ్టన్ పక్షమే! దాంతో కుర్రాళ్లు ఆజ్ఞని పక్కనపెట్టి తమ పని తాము చేసుకుపోతారు. ఇది సైన్యాన్ని పొగిడే సినిమా అనుకున్నాను. కాదు, ఎక్కడో కూర్చుని కాగితం పంపే పెద్దల్ని నమ్మకుండా, చలిలో పక్కన నిలబడ్డవాణ్ణి నమ్మే సినిమా. విలేఖరి చివరి ప్రసారంలో కారింగ్టన్ తప్పు సంగతి ఎత్తడు, పోరులో గాయపడి కోలుకుంటున్నాడని గౌరవంగా చెప్తాడు. తప్పుచేసినా మనవాడే.

ఇప్పుడు 'ఈ.టీ.' గుర్తు తెచ్చుకోండి. సినిమాలో సగందాకా తల్లి తప్ప పెద్దవాళ్లెవరి మొహమూ సరిగా కనిపించదు. టార్చిలైట్లు, నడుముకి గలగలలాడే తాళంచెవులు, అంతే. ఆ తర్వాత ప్రభుత్వం వ్యోమగాముల్లాంటి దుస్తుల్లో గుమ్మంలోంచి, కిటికీలోంచి ఇంట్లోకి చొరబడుతుంది, ఇల్లంతా ప్లాస్టిక్‌తో చుట్టేస్తుంది. మన ఇల్లు, మన పిల్లలు, మన అతిథి, బయట సర్కారు. గడపలోపల గారి పీడకల ఇదే కదా? రీగన్ హయాంలో అది ఎందుకు ఆడిందని రెండోఆట గారు వింతపడ్డారు. నాకిప్పుడు వింతగా లేదు.

కాబట్టి ముందు ఎవరు వెళ్తారన్న నా లెక్క తప్పు. ఏలియన్‌ని నమ్మొచ్చా అన్నది పైకి కనిపించే ప్రశ్న. మనలో ఎవర్ని నమ్మొచ్చు అన్నది అసలు ప్రశ్న. యూనివర్సిటీనా, సైన్యాన్నా, వైట్‌హౌస్‌నా, కంపెనీనా, ఇంట్లోవాళ్లనా? 1979 'ఏలియన్'లో రాక్షసి కన్నా ఘోరం, సిబ్బంది పోయినా పర్లేదు, ఆ జీవిని తెమ్మన్న కంపెనీ ఆజ్ఞ.

శంకలరావు

ఇప్పుడు దారిలో పడ్డారు మాస్టారూ. 'ఈ.టీ.' తుపాకుల కథ కూడా కలపండి. 2002లో మళ్లీ విడుదల చేసినప్పుడు పిల్లల్ని తరిమే అధికారుల చేతుల్లో తుపాకులు తీసేసి కంప్యూటర్‌తో వాకీటాకీలు పెట్టాడు స్పీల్‌బర్గ్. తర్వాత అలా చేయకుండా ఉండాల్సిందని ఆయనే అన్నాడు, తుపాకులు వెనక్కొచ్చాయి. ఇరవై ఏళ్లలో కథ మారలేదు, సర్కారు ఎంత భయపెట్టాలన్న లెక్క మారింది.

అరుంధతి_నక్షత్రం

ఒక్క విషయం వదిలేస్తున్నాం. ఏలియన్ అన్న ఆ మాటే. అమెరికా చట్టంలో ఏలియన్ అంటే ఆ దేశ పౌరుడు కానివాడు. 1798లోనే ఏలియన్ చట్టాలు చేశారు, 1952 వలస చట్టంలో కూడా అదే మాట. 'మెన్ ఇన్ బ్లాక్' (1997) ఈ రెండర్థాల మీదే మొదలవుతుంది. సరిహద్దులో వ్యాను ఆపి వలసకూలీల్ని దింపుతారు పోలీసులు. నల్లకోటువాడు వచ్చి, ఆ మామూలు మనుషులకి స్పానిష్‌లో స్వాగతం చెప్పి పంపేసి, వాళ్లలో దాక్కున్న అసలు గ్రహాంతరవాణ్ణి ఒక్కణ్ణి పక్కకి తీస్తాడు. జాలిగానే ఉంటుంది, అయినా అతని ఉద్యోగం అందరి జాబితా రాసిపెట్టుకోవడం, హద్దుమీరితే పట్టుకోవడం. దీన్ని ఏ పార్టీలో వేస్తారు?

లిబరల్ సినిమాలకీ గుడ్డిచోట్లుంటాయి. 'డిస్ట్రిక్ట్ 9' (2009) జొహానెస్‌బర్గ్ కథ. 1966లో కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్‌ని తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించి అరవై వేలకి పైగా జనాన్ని ఖాళీ చేయించిన చరిత్ర దాని వెనక ఉంది. గ్రహాంతర శరణార్థుల మీద అంత దయ చూపించిన ఆ సినిమాయే నైజీరియన్లని మాత్రం గూండాలుగా, నరమాంసం తినేవాళ్లుగా చూపించింది. నైజీరియా ప్రభుత్వం థియేటర్లలోంచి తీసేయమంది. రొయ్యలాంటి జీవికి దొరికిన జాలి అదే ఖండం మనిషికి దొరకలేదు.

మూడోకన్ను

టీవీలో 'వి' కూడా ఉంది. 1983లో వచ్చినప్పుడు విజిటర్లు (మనిషి తోలు కప్పుకున్న బల్లుల్లాంటి గ్రహాంతరవాసులు) నాజీలు, సైంటిస్టుల్ని వేటాడతారు. 2009లో మళ్లీ తీస్తే విజిటర్లు చక్కగా నవ్వుతూ అందరికీ వైద్యం ఇస్తామంటారు, కుర్రకారు వెర్రెత్తిపోతారు. ఒబామా వచ్చిన ఏడాది. ఎవరి మీద అన్నది జనమే చెప్పేసుకున్నారు. అదే బల్లి, తోలు మారింది.

మోడరేటర్

ఇప్పటి ఎన్నికల మీద రాసిన రెండు పోస్టులు తీసేశాను. సినిమాల మీదే ఉండండి దయచేసి.

సైలెంట్‌రీడర్

ధైర్యం చేసి మళ్లీ రాస్తున్నా :) 'అరైవల్' అమెరికాలో 2016 నవంబర్ 11న విడుదలైంది, ట్రంప్ గెలిచిన మూడు రోజులకి. తీసింది అంతకు ముందేడు, కాకతాళీయమే. అందులో భాషాశాస్త్రవేత్త లూయీస్ అద్దం అవతలున్న జీవులకి పలక మీద మనిషి అని రాసి చూపిస్తుంది, తర్వాత తన రక్షణ దుస్తులు విప్పి ఎదురెళ్తుంది. పాతరీలు గారి కారింగ్టన్ చేసిందే ఇది. ఈసారి దెబ్బ పడలేదు. వాళ్లు ఆయుధం అన్నారా పనిముట్టు అన్నారా అన్న ఒక్క అనువాదం మీద దేశాలు యుద్ధానికి సిద్ధమవుతాయి. బాంబు పెట్టేది ఏలియన్ కాదు, రెచ్చగొట్టే ప్రసారాలు చూసి భయపడ్డ సొంత సైనికులు.

గడపలోపల

బాగా రాశారు. నాకూ నచ్చిన సినిమా అది. ఒక్కటే అడుగుతాను: ఆవిడ దుస్తులు విప్పి ఎదురెళ్లేటప్పుడు వెనక ఎవరున్నారు? గుడారం, పంజరంలో పిట్ట, రక్తపరీక్షలు, తుపాకులున్న కల్నల్. కల్నల్ రోజూ ప్రశ్నలేస్తాడు, అయినా లోపలికి పోనిస్తాడు. కిటికీలోంచి చూసి తలుపు తీయడమంటే నా ఉద్దేశం అదే.

రెండోఆట

తలుపు తీయాలా వద్దా అని ఇంత కొట్టుకుంటున్నాం, 1977లో వాయేజర్ వ్యోమనౌకలు రెండింటికీ బంగారు పూత రికార్డులు తగిలించి పంపేశారుగా. 55 భాషల్లో నమస్కారాలు, వాటిలో తెలుగు కూడా ఉంది.

గడపలోపల

నమస్కారం సరే. దాని కవరు మీద పల్సార్లనే నక్షత్రాల గుర్తులతో మన సూర్యుడికి దారి కూడా చెక్కారు. అడ్రసు ఇచ్చేటప్పుడు ఇంట్లో ఎవర్ని అడిగారు?

శంకలరావు

కంగారొద్దు. వాయేజర్ ఇంకో నక్షత్రం దరిదాపుల్లోకి పోవడానికే 40,000 ఏళ్లు పడుతుంది. ఈలోగా కిటికీకి ఊచలు పెట్టించుకోవచ్చు.